దీనారుకి ఊళ్లో ధరెంత?

తిరుమల పరకామణిలో లెక్కకు వచ్చే హుండీ కానుకల్లో రూపాయలతో పాటు అమెరికా డాలర్లు, కువైట్ దీనార్లు, మలేషియా రింగిట్లు, సింగపూర్ డాలర్లు ఉంటాయి. నోట్లయితే బ్యాంకు దారిన రూపాయలవుతాయి. చిక్కంతా నాణేలతోనే. విదేశీ నాణేన్ని మన దగ్గర డబ్బు మార్చే దుకాణాలు ముట్టుకోవు. తన దేశం తిరిగి చేరితే తప్ప దానికి విలువ లేదు. అదే కొండ దిగి రేణిగుంట విమానాశ్రయానికి వస్తే, అంతర్జాతీయ హోదా ఉంది గానీ రోజూ విదేశాలకు ఎగిరే విమానం లేదు. అన్ని దేశాల డబ్బూ వచ్చి పడే ఊరది. అక్కడ ఒక యాత్రికుడు యాభై డాలర్ల నోటు మార్చుకోవాలంటే ఆటో ఎక్కి ఊళ్లో వెతుక్కోవాలి.

విదేశీ డబ్బు చేరే ఊరొకటి, దాన్ని సరైన ధరకు మార్చుకునే ఊరింకొకటి. చిన్న నగరాల విమానాశ్రయాల గురించి మాట్లాడేటప్పుడు రన్‌వే పొడవు, టెర్మినల్ అద్దాలు, కొత్త సర్వీసులు, ప్రారంభోత్సవాలు అన్నీ చర్చకు వస్తాయి. దిగిన మనిషి జేబులో ఉన్న నోటు సంగతి రాదు. నాకు మాత్రం ఆ నోటే ముఖ్యం. ఎందుకంటే అందులో నష్టపోతున్నది పెద్ద మొత్తాలవాళ్లు కాదు, నాలుగు నోట్లవాళ్లు.

మొదట డబ్బు ఎక్కడిదో చూద్దాం. 2023-24కు రిజర్వు బ్యాంకు చేసిన సర్వే ప్రకారం దేశానికి వచ్చే ప్రవాసుల సొమ్ములో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం. పంపే దేశాల్లో 27.7 శాతంతో అమెరికాది మొదటి స్థానం, 19.2 శాతంతో యూఏఈది రెండోది. ఇదంతా బ్యాంకులు, మనీ ట్రాన్స్‌ఫర్ సంస్థల ద్వారా ఖాతాల్లో పడే డబ్బు. దీని గురించి ఇప్పుడు పెద్దగా బెంగ లేదు. కువైట్‌లో శుక్రవారం సెలవు నాడు ఎక్స్‌ఛేంజ్ దుకాణం ముందు వరసలో నిలబడి పంపితే ఇక్కడ ఖాతాలో రూపాయలు పడతాయి. ఫోన్లోనే పంపేవాళ్లూ పెరిగారు. అక్కడి ఎక్స్‌ఛేంజ్‌ల మధ్య పోటీ గట్టిగా ఉంటుంది కాబట్టి ధర కూడా న్యాయంగానే దొరుకుతుంది.

మిగిలింది చేతి సొమ్ము. సెలవుకి వచ్చేటప్పుడు పర్సులో మిగిలే నోట్లు, పనిచేసే సేఠు ఇంటివాళ్లు పండక్కి ఇచ్చిన ఈనాములు, ఆఖరి నెల జీతం, తోటి ఊరివాళ్లు "మా అమ్మకివ్వక్కా" అని మడిచి ఇచ్చినవి. ఇవి రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు ఇళ్లకు, రాజోలు, అమలాపురం, నరసాపురం ఇళ్లకు, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఇళ్లకు చేరతాయి. అమెరికా నుంచి వచ్చిన మనవడు తాతయ్య చేతిలో పెట్టిన వంద డాలర్ల నోటు గుంటూరులోనో తెనాలిలోనో బీరువాలో చీర మడతల మధ్య ఉంటుంది. దీన్ని ఏ సర్వే లెక్కపెట్టదు.

ఇక విమానాశ్రయాలు. విశాఖపట్నం సంగతి వేరు. రేవు పట్టణం. నావికులు డాలర్లు తెచ్చుకోవడం అక్కడ పాత అలవాటే. ఐఎన్‌ఎస్ డేగా ఆవరణలోని విమానాశ్రయం నుంచి సింగపూర్ వంటి చోట్లకు ఏళ్లుగా రాకపోకలున్నాయి. గన్నవరానిది ఒడిదుడుకుల కథ. 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. 2018 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం లోటు భరిస్తానని ఒప్పుకుంటే సింగపూర్ విమానం మొదలైంది. 2019లో ఆగిపోయింది. కరోనా కాలంలో వందేభారత్ విమానాలు గల్ఫ్ నుంచి మనవాళ్లను తెచ్చి అక్కడ దించాయి. 2022 అక్టోబరు 31న షార్జా సర్వీసు వచ్చింది, వారానికి రెండు విమానాలతో. కడప, రాజమహేంద్రవరం, ఓర్వకల్లు విమానాశ్రయాలు దేశంలోపలి ప్రయాణాలకే. కడప జిల్లా గల్ఫ్ మనిషికి ఇప్పటికీ చెన్నై, బెంగళూరు, శంషాబాద్‌లే గతి. ఉత్తర తెలంగాణవాళ్లకు శంషాబాద్ తప్ప ఇంకోటి లేదు. రాత్రంతా బస్సులో కూర్చోవాలి.

వారానికి రెండు విమానాలు వచ్చే చోట కరెన్సీ కౌంటరు ఎందుకు నిలదొక్కుకోదో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. విమానాశ్రయాల్లో జాగాను సాధారణంగా టెండరు మీద ఇస్తారు. పాడుకున్నవాడు అమ్మకం ఉన్నా లేకపోయినా కనీస మొత్తం కట్టాల్సిందే. పైగా ఇది ఇడ్లీ కొట్టు కాదు. రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి, నోట్లు దాచే పెట్టె కావాలి, బీమా కావాలి, దొంగ నోటు పట్టగల మనిషి కావాలి. ఇరవై రకాల కరెన్సీ నిల్వ పెట్టుకుంటే ధర పడినప్పుడు నష్టం తనదే. అర్ధరాత్రి దిగే ఒక్క విమానం కోసం జీతమిచ్చి మనిషిని కూర్చోబెట్టాలి. ఈ ఖర్చంతా ఎవరి మీద పడుతుంది? కౌంటరు ముందు నిలబడిన ప్రయాణికుడి మీదే. అందుకే విమానాశ్రయంలో కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య అంత ఎడం ఉంటుంది. వేళ కాని వేళలో దిగినవాడికి వేరే దారి లేదని వాళ్లకీ తెలుసు.

చిన్న ఊళ్లలో ఇది ఎక్కడా కుదరదని కాదు. తిరుచిరాపల్లి పెద్ద నగరమేమీ కాదు. అయినా సింగపూర్, మలేషియా, శ్రీలంక, గల్ఫ్ ప్రయాణికులతో ఆ విమానాశ్రయం కళకళలాడుతుంది. చాలా ఏళ్లు అక్కడ దేశీయ ప్రయాణికుల కంటే విదేశీ ప్రయాణికులే ఎక్కువ. కోళికోడ్ దగ్గరి కరిపూర్‌ను గల్ఫ్ మలయాళీలే బతికించారు. గయది ఇంకో తీరు. చలికాలంలో థాయ్‌లాండ్, మయన్మార్, భూటాన్, శ్రీలంకల నుంచి బౌద్ధ యాత్రికులు దిగుతారు. వాళ్ల డబ్బు మార్పిడి విమానాశ్రయం కంటే బుద్ధగయ వీధుల్లోనే సాగుతుంది. అంటే కౌంటరు బతకాలంటే హోదా బోర్డు చాలదు, రద్దీ కావాలి. రద్దీ లేనప్పుడు పని ఊళ్లో జరగాలి. మన దగ్గర రద్దీ ఇంకా రాలేదు, ఊళ్లో ఏర్పాటూ లేదు. రెంటికీ చెడ్డ స్థితి.

ఊళ్లో ఏం జరుగుతుందో నేను కళ్లారా చూసింది చెబుతాను. మా పిన్ని పదకొండేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసింది. ఒకసారి సెలవుకొచ్చినప్పుడు నేనూ రాజంపేటలోనే ఉన్నాను. చేతిసంచి లోపలి అరలోంచి రుమాలు మూట తీసింది. ఇరవై దీనార్ల నోట్లు ఆరు, చిన్నవి కొన్ని, ఫిల్స్ నాణేలు ఒక గుప్పెడు. ముందు బ్యాంకుకి వెళ్లాం. కౌంటర్లో ఉన్నాయన నోటును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇక్కడ తీసుకోమమ్మా, జిల్లా కేంద్రంలో పెద్ద బ్రాంచికి పోండి, అక్కడా డాలర్లయితే సులభం, దీనార్లు అడిగి చూడండి" అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. కానీ ఆ పెద్ద బ్రాంచికి పోవాలంటే ఒక పూట, బస్సు ఛార్జీలు, తీరా పోయాక తీసుకుంటారన్న భరోసా లేదు.

అక్కడి నుంచి పిన్ని నన్ను బజారు వీధిలో ఒక దుకాణానికి తీసుకుపోయింది. ముందు భాగంలో సెల్‌ఫోన్ల కవర్లు, రీఛార్జి. వెనక బల్ల దగ్గర ఓ కుర్రాడు. "రాండక్కా, ఎప్పుడొచ్చినారు? ఎన్నుండాయి?" అని పలకరించాడు. రేటు రాసిన బోర్డు ఎక్కడా లేదు. క్యాలిక్యులేటర్ మీద అంకె కొట్టి మా వైపు తిప్పాడు. నేను ఫోన్లో ఆనాటి ధర చూసి, తేడా ఇంతుందేమని అడిగాను. "అది బ్యాంకుల మధ్య రేటన్నా, నోటుకు అది రాదు. మేం మళ్లీ మద్రాసుకు పంపాల గదా" అన్నాడు. అతను చెప్పినదాంట్లో నిజం ఉంది. నోటు సరుకులాంటిది. పోగుచేయాలి, మోయాలి, ఇంకొకరికి అమ్మాలి. కానీ ఆ మోత కూలి ఎంతో చెప్పేవాళ్లు లేనప్పుడు అతను ఎంతంటే అంతే. నాణేలను చేత్తో పక్కకి నెట్టేశాడు.

లెక్క సులువు కోసం దీనారు అసలు ధర 280 రూపాయలు అనుకుందాం. దుకాణంలో 255 ఇచ్చారనుకుందాం. దీనారుకి 25 రూపాయలు పోయింది. నూట ఇరవై దీనార్ల మీద మూడు వేలు. కువైట్‌లో ఇంటిపనివాళ్లకు 2016లో ఖరారు చేసిన కనీస జీతం నెలకు 60 దీనార్లు, అంటే రోజుకు రెండు. మూడు వేల రూపాయలంటే పది దీనార్ల పైచిలుకు. పరాయి ఇంట్లో ఐదు రోజుల చాకిరీ ఒక్క నిమిషంలో, క్యాలిక్యులేటర్ తిప్పినంతలో పోయింది. మా పిన్ని దీన్ని నష్టం అనుకోలేదు. "అందరికీ అట్లే ఇస్తారు లే" అంది. ఆ మాటే నన్ను ఈ వ్యాసం దాకా తెచ్చింది.

చట్టం ఏమంటుందో తెలిస్తే పరిస్థితి ఇంత ఏకపక్షంగా ఉండాల్సిన పని లేదు. 1999 నాటి విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) 2000 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. దాని కింద విదేశీ డబ్బు కొనడానికైనా అమ్మడానికైనా రిజర్వు బ్యాంకు అనుమతి ఉండాలి. అనుమతి పొందినవాళ్లలో బ్యాంకులున్నాయి, ఎఫ్‌ఎఫ్‌ఎంసీలనే పూర్తిస్థాయి మనీ చేంజర్లున్నారు, వాళ్ల కింద ఫ్రాంచైజీలున్నారు. ఫ్రాంచైజీ విదేశీ నోట్లను కొని రూపాయలివ్వవచ్చు, అమ్మకూడదు. అంటే రాజంపేట సెల్‌ఫోన్ దుకాణమైనా, అమలాపురం లాడ్జీ అయినా, ఒక లైసెన్సున్న సంస్థతో ఒప్పందం చేసుకుంటే చట్టబద్ధంగానే ఈ పని చేయవచ్చు. లైసెన్సున్నవాళ్లు ఆ కాగితం కనపడేలా పెట్టాలి. ఆ రోజు ధరల పట్టిక ఉదయం పదిన్నరకల్లా కౌంటరు దగ్గర ఉండాలి. అడిగితే ఎన్‌క్యాష్‌మెంట్ సర్టిఫికెట్ ఇవ్వాలి. దేశంలో ఉంటున్నవాళ్లకు ఒక లావాదేవీలో వెయ్యి డాలర్ల విలువ దాకా, విదేశీ సందర్శకులకూ ప్రవాస భారతీయులకూ మూడు వేల డాలర్ల దాకా రూపాయలు చేతికే ఇవ్వవచ్చు. ఏ అనుమతీ లేని మనిషితో మార్చుకుంటే అది ఉల్లంఘన. జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా ఉండవచ్చు. ఈ చివరి సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే మా పిన్ని రుమాలు మూట విప్పేదే కాదు, బీరువాలోనే ఉంచేది.

బీరువాలో ఉంచడం కూడా క్షేమం కాదు. విదేశాల్లో స్థిరపడినవాళ్ల మాట వేరు, ఇక్కడ ఉంటున్నవాళ్లు ప్రయాణంలో మిగిలిన విదేశీ డబ్బును తిరిగొచ్చిన 180 రోజుల్లో మార్చేసుకోవాలి. రెండు వేల డాలర్ల విలువ వరకు నోట్లు దగ్గర ఉంచుకోవచ్చు. నాణేలకు పరిమితి లేదు. కానీ చట్టం ఒప్పుకున్నంత మాత్రాన నోటు బతికుంటుందని నమ్మకం లేదు. కువైట్ 2014 జూన్‌లో ఆరో వరుస నోట్లు తెచ్చింది. ఐదో వరుస నోట్లను మార్చుకోవడానికి ఇచ్చిన ఆఖరి గడువు 2025 ఏప్రిల్ 18. ఆ రోజు దాటాక ఆ నోటు ఎంత పెద్దదైనా కాగితమే. గల్ఫ్ పల్లెల్లో ట్రంకు పెట్టెల అడుగున అలాంటి నోట్లు ఇప్పటికీ ఉంటాయని నా నమ్మకం. కూతురి పెళ్లికని దాచినవి, చనిపోయిన భర్త గుర్తుగా ఉంచుకున్నవి. గడువు ముందు ఏ ఊరి బ్యాంకు తలుపు మీదైనా తెలుగులో ఒక కాగితం అంటించి ఉంటే ఎంతోమందికి మేలు జరిగేది.

ఇలాంటి దెబ్బ మనవాళ్లకు కొత్త కాదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అప్పటిదాకా బంగారంలా చూసుకున్న దీనారును ఇరాకీ దీనారుతో సమానమని ప్రకటించారు. జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయులను ఎయిరిండియా విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్లలో కడప, గోదావరి జిల్లాలవాళ్లూ ఉన్నారు. విముక్తి తర్వాత 1991 మార్చిలో కువైట్ కొత్త నోట్లు విడుదల చేసింది, దోపిడీకి గురైన నోట్లు చెల్లవంది. నోటు విలువ మన చేతిలో ఉండదని, అది పుట్టిన దేశం మాట మీద ఉంటుందని ఆ తరం ఒంటి మీద వాత పడ్డట్టు తెలుసుకుంది.

డాలరుది దీనికి ఎదురు కథ. అమెరికా తన పాత నోట్లను ఎప్పుడూ రద్దు చేయలేదు. తాతయ్య బీరువాలోని చిన్న బొమ్మ వంద డాలర్ల నోటు అమెరికాలో ఈ రోజుకీ చెల్లుతుంది. చిత్రమేమంటే ఇక్కడి దుకాణాల్లో చెల్లదు. 1996కి ముందు నోటన్నా, మీద పెన్ను గీత ఉన్నా, మూల చిరిగినా తల అడ్డంగా ఊపుతారు, లేదా ధర తగ్గిస్తారు. ఇది చట్టం పెట్టిన షరతు కాదు, వాళ్ల అలవాటు. దొంగ నోటు భయం, తర్వాతి చేతివాడు తీసుకోడన్న భయం.

వెళ్లేవాళ్ల సంగతి కొంత మెరుగు. అరవైల్లో, డెబ్బైల్లో అమెరికా వెళ్లిన మన డాక్టర్లు, ఇంజనీర్లు ఎనిమిది డాలర్లతో విమానం దిగామని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇప్పుడు విదేశాలకు డబ్బు పంపుకునే రిజర్వు బ్యాంకు పథకం ఎల్‌ఆర్‌ఎస్ కింద ఒక మనిషి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు. 2004లో ఈ పథకం మొదలైనప్పుడు అది 25 వేలే. చాలా దేశాలకు చేతి నోట్లుగా మూడు వేల డాలర్ల వరకే తీసుకుపోవాలి, మిగతాది కార్డులో. విజయవాడ, గుంటూరు పిల్లలు ఆగస్టు ప్రయాణాల ముందు పాస్‌పోర్టు, వీసా, టికెట్, పాన్ కార్డు పట్టుకుని ఫారెక్స్ ఆఫీసుకి వెళితే పని అయిపోతుంది. ఇంటికే తెచ్చిచ్చేవాళ్లూ ఉన్నారు. రూపాయలు యాభై వేలు దాటితే నగదు ఇవ్వకూడదు, ఖాతా నుంచే కట్టాలి. జీఎస్టీ కూడా ఉంది. లక్ష లోపు మార్పిడికి మొత్తంలో ఒక శాతాన్ని సేవ విలువగా లెక్కగట్టి దాని మీద 18 శాతం వేస్తారు. ఆ సేవ విలువ 250కి తగ్గకూడదు కాబట్టి పన్ను కనీసం 45 రూపాయలు. లక్ష మార్చేవాడికి 180 రూపాయలంటే వెయ్యికి రెండు రూపాయలు కూడా పడదు. ఐదు వేలు మార్చే ముసలమ్మకి 45 అంటే వెయ్యికి తొమ్మిది. ఇక్కడా బరువు చిన్న నోటు మీదే.

కార్డులు, యూపీఐ వచ్చాయి కదా, ఇంకా ఈ నోట్ల గొడవెందుకని అడిగేవాళ్లున్నారు. అమెరికా నుంచి వచ్చినవాళ్లకు ఆ మాట నిజమే. గన్నవరంలో దిగి తమ డెబిట్ కార్డుతో ఏటీఎంలో రూపాయలు తీసుకుంటే ఛార్జీలు పోను దుకాణం కంటే మంచి ధరే రావచ్చు. తెర మీద "డాలర్లలో లెక్క కట్టమంటారా" అని అడిగితే మాత్రం వద్దని, రూపాయల్లోనే తీసుకోవాలి. ఆ ప్రశ్నకి ఒప్పుకుంటే మార్పిడి ధర యంత్రం తరఫువాళ్లు నిర్ణయిస్తారు. విదేశీయుల కోసం యూపీఐ వన్ వరల్డ్ ఉంది, ప్రవాసుల ఎన్‌ఆర్‌ఈ ఖాతాలను విదేశీ ఫోన్ నంబర్లతో యూపీఐకి కలుపుకోవచ్చు. ఇవన్నీ మంచి మార్పులే. కానీ చదువు రాని, కార్డు లేని, జీతం నోట్లలో చేతికిచ్చే ఇంట్లో పనిచేసిన మనిషికి వీటిలో ఒక్కటీ అక్కరకు రాదు. ఆమె దగ్గరుంది నోటే.

రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరులో ఒక ముసాయిదా పెట్టింది. కొత్తగా ఎఫ్‌ఎఫ్‌ఎంసీ లైసెన్సులు ఇవ్వడం ఆపి, ఫారెక్స్ కరస్పాండెంట్లనే ప్రతినిధుల ద్వారా ఊళ్లలో సేవ అందించాలన్నది అందులో ఒక ఆలోచన. పల్లెల్లో బ్యాంకు మిత్రలు ఎలా పనిచేస్తున్నారో అలా అన్నమాట. ఆలోచన నాకు నచ్చింది. నా భయం ఒక్కటే, ఆ ప్రతినిధులు కూడా మళ్లీ నగరాల మాల్స్‌లోనే తేలతారేమోనని. వ్యాపారం దృష్టితో చూసినా రాయచోటిలో, రాజోలులో, జగిత్యాలలో ఏడాది పొడుగునా దీనార్లు, దిర్హాములు, రియాళ్లు దొరుకుతాయి. దిర్హాము డాలరుకి 3.6725 దగ్గర, సౌదీ రియాల్ 3.75 దగ్గర ఏళ్ల తరబడి కట్టేసి ఉన్నాయి కాబట్టి డాలరు ధర తెలిస్తే వీటి ధర ఎవరైనా లెక్కగట్టవచ్చు. మోసానికి చోటు తక్కువ, బోర్డు ఉంటే చాలు.

కాబట్టి విమానాశ్రయంలో కౌంటరు పెట్టించమని నేను అడగను. అడిగేది రెండే. గల్ఫ్ పల్లెలున్న ప్రతి రెవెన్యూ డివిజన్లో కనీసం ఒక బ్యాంకు బ్రాంచి వారానికి ఒక రోజైనా కౌంటరు మీద విదేశీ నోట్లు తీసుకోవాలి, ఆ రోజేదో తెలుగులో రాసి పెట్టాలి. నోట్లు మార్చే ప్రతి దుకాణం ధరల బోర్డు తెలుగులో తగిలించాలి, లైసెన్సు లేనివాళ్లను తరిమేయడం కాకుండా ఫ్రాంచైజీల్లోకి తేవాలి. ఆ కుర్రాడు రేపు దుకాణం మూసేస్తే మా పిన్నికి ఇంకో దారి లేదు మరి.

పోయిన సంక్రాంతికి పిన్ని మళ్లీ వచ్చింది. ఈసారి జీతమంతా అక్కడి నుంచే పంపేసి, దారి ఖర్చుకని ఒకే ఒక్క ఇరవై దీనార్ల నోటు ఉంచుకుంది. అదే దుకాణానికి వెళ్లాం. కుర్రాడు క్యాలిక్యులేటర్ తిప్పగానే నా వైపు చూసి, తనే అడిగింది: "అబ్బీ, ఈ రోజు రేటు కాగితం మీద రాసిచ్చి, కింద సంతకం పెడతావా?" కుర్రాడు కాసేపు తటపటాయించాడు. మళ్లీ క్యాలిక్యులేటర్ దగ్గరకి లాక్కుని, దీనారుకి ఎనిమిది రూపాయలు పెంచి కొట్టాడు. కాగితం మాత్రం ఇవ్వలేదు.